రెండోసారికి కాంప్స్ గట్టెక్కా: ముంచిందీ తేల్చిందీ ఒకే బల్గేరియా రాజు

శుక్రవారం సాయంత్రం మెయిల్ వచ్చింది. పాస్. అమ్మకి ఫోన్ చేస్తే "ఈ వయసులో ఇంకా పరీక్షలేంటే" అంది. కాంప్స్ అంటే కాంప్రహెన్సివ్ పరీక్షలు, థీసిస్‌కి ముందు దాటాల్సినవి. హిస్టరీ పీహెచ్‌డీలో వాటికి కూర్చునే మనవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఫీల్డులూ (ఎంచుకున్న సబ్జెక్టులు), వాటి రీడింగ్ లిస్టులూ పక్కనపెట్టి నేరుగా నేను బోల్తా పడ్డ ప్రశ్న దగ్గరికే వస్తా.

నా మైనర్ ఫీల్డు, అంటే రెండో సబ్జెక్టు, జెస్యూట్ స్కూలు నాటకం: జెస్యూట్లనే క్యాథలిక్ ఫాదర్ల బళ్ళలో పిల్లలు ఆడిన నాటకాలు. ఇంటర్ చదివింది జెస్యూట్ ఫాదర్ల కాలేజీలోనే, అయినా ఇలాంటిదొకటి ఉండేదని అప్పట్లో తెలీదు. మొదటి ఓరల్స్‌లో (నోటి పరీక్షలో) ఆ నాటకాల్లో వచ్చే ట్రెబెల్లియస్ కథ అడిగారు. బల్గేరియా రాజు. క్రైస్తవం పుచ్చుకుంటాడు, కిరీటం పెద్దకొడుక్కిచ్చి మఠంలో చేరతాడు. కొడుకు జనాన్ని పాత దేవుళ్ళ వైపు మళ్ళిస్తాడు. తండ్రి సన్యాసి అంగీ విప్పి కత్తి కట్టుకుని వస్తాడు, కొడుకు కళ్ళు పీకిస్తాడు, చిన్నకొడుకుని గద్దెనెక్కించి మళ్ళీ అంగీ తొడుక్కుని వెళ్ళిపోతాడు.

నేను రెచ్చిపోయా. ట్రెబెల్లియస్ అంటే అసలు చరిత్రలోని టెర్వెల్, 705లో బైజాంటైన్ చక్రవర్తి రెండో జస్టీనియన్‌కి సింహాసనం తిరిగి ఇప్పించి సీజర్ బిరుదు అందుకున్నవాడు, 717-718 ముట్టడిలో అరబ్బుల మీద బైజాంటైన్ రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌కి అండగా నిలిచినవాడు. ఆయనకి మఠమేంటి, ఇదంతా తప్పుల కుప్ప అని తేల్చేశా.

"సరే, మరి ఆ కళ్ళు ఎవరివి?" అంది ప్రశ్నలడిగే ప్రొఫెసర్.

నోరు పెగల్లేదు. ఫెయిల్. (లిస్టు నా చేతికొచ్చిందే పరీక్షకి ఆరు వారాల ముందు. ఇది సాకు కాదు, జరిగిన సంగతి.)

కళ్ళు వ్లాదిమిర్‌వి. తండ్రి బోరిస్, టెర్వెల్ తర్వాత చాలాకాలానికి వచ్చిన బల్గేరియా రాజు. 860ల్లో బాప్తిస్మం, 889లో మఠం, 893లో చిన్నకొడుకు సిమియోన్‌కి పట్టం. 10వ శతాబ్దం మొదట్లో రెజినో అనే మఠాధిపతి రాసిన చరిత్రలో ఈ కథంతా ఉంది, రాజు పేరు తప్ప. తర్వాతివాళ్ళు దానికి ట్రెబెల్లియస్ పేరు తగిలించారు. నూటయాభై ఏళ్ళకి పైగా ఎడమున్న ఇద్దరు రాజులు ఒక్కడైపోయారు. స్కూళ్ళకి కావలసిందీ ఆ ఒక్కడే. జెస్యూట్ బళ్ళ 1599 నాటి నియమావళి రేషియో స్టూడియోరమ్ ప్రకారం నాటకం లాటిన్‌లో ఉండాలి, కథ భక్తిది కావాలి, ఆడవేషం ఉండకూడదు. తండ్రీ కొడుకుల ఈ గొడవలో ఆడపాత్ర అవసరమే లేదు. పైగా అంగీ, కత్తి, మళ్ళీ అంగీ. లాటిన్ రాని తల్లిదండ్రులకి కథాసారం అచ్చువేసి పంచేవాళ్ళు గానీ, ఈ వేషం మార్పు అర్థం కావడానికి అదీ అక్కర్లేదు. తప్పు ఎక్కడుందని కాదు, ఆ తప్పు ఎవరికి పనికొచ్చిందని అడగాలి. ఇది బుర్రకెక్కడానికి నాకు ఏడాది పట్టింది.

ఆ ఏడాది రోజూ ఐదింటికి లేచా, ఫోన్ వంటగదిలో పెట్టేశా. మీరూ పెట్టండి. చదవకుండా రీల్స్ చూస్తూ సీటు దొరికిందని మురిసిపోయేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. సరే, ఆపుతా.

రెండోసారి అదే ఆవిడ. ఈసారి పయీసీ దాకా వెళ్ళా. 1762లో ఆ ఆర్థడాక్స్ సన్యాసి రాసిన బల్గేరియా చరిత్రలోనూ ట్రివెలీ (మన ట్రెబెల్లియస్సే) అనే రాజు సాధువే. పయీసీ వాడుకున్నది క్యాథలిక్ కార్డినల్ బరోనియస్ రాసిన చర్చి చరిత్ర రష్యన్ రూపం, దానికి మూలం స్కార్గా అనే జెస్యూట్ చేసిన సంక్షేపం. అంటే క్యాథలిక్, ఆర్థడాక్స్ రెండు శిబిరాలూ తాగింది ఒకే చెరువు నీళ్ళు.

"అంత గొప్ప సిమియోన్ ఉండగా నాటకాలకి ఈ ట్రెబెల్లియస్ ఎందుకు?" అందావిడ.

సిమియోన్ మఠం వదిలి సింహాసనం ఎక్కినవాడు, పిల్లలకి చూపించడానికి అది తలకిందుల కథ అన్నాను. "అది నీ ఊహ" అంది. ఊహేనని ఒప్పుకున్నా. నోట్స్‌లో ఏదో రాసుకుని, పక్కాయన వైపు తిరిగి "మీరడగండి" అంది.