శిలాఫలకం మీద మూలపురుషులు

మా ఊళ్లో సంఘానికి కొత్త మందిరం కట్టారు. దేవునికి స్తోత్రం. ప్రతిష్ఠకు ఇంకా నెల ఉందనగా గొడవ మొదలైంది. సౌండ్ సిస్టమ్ గురించి కాదు, భోజనాల గురించి కాదు. గుమ్మం పక్కన పెట్టే శిలాఫలకం మీద ‘సంఘ మూలపురుషులు’ అన్న మాట కింద ఎవరి తాత పేరు ముందు రావాలని. తగాదా రెండు కుటుంబాల మధ్య. అందులో ఒకటి మాది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, చంకలో బైబిళ్లు పెట్టుకునే అరుచుకున్నారు. నా మేనకోడలు ఇంజనీరింగ్ చదువుతోంది, సెలవులకు వచ్చింది. ఇంటికొచ్చే దారిలో మెల్లగా అడిగింది. “మామయ్యా, మూలపురుషుడంటే ఇంగ్లీషు బైబిల్లో పేట్రియార్క్ అని ఉంది. పేట్రియార్కీ కూడా అక్కడినుంచి వచ్చిందే కదా? అంటే మగాళ్ల పెత్తనాన్ని బైబిలే ఒప్పుకున్నట్టా?” నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. ఆ రాత్రి కూర్చుని వెతికాను. నాలుగు రోజులు అదే పని.

గ్రీకులో ఆ మాట పాత్రియార్కేస్. ‘పాత్రియా’ అంటే ఒక తండ్రి నుంచి వచ్చిన వంశం, ఇంటివాళ్లందరూ. రెండో సగంలో ‘ఆర్ఖే’ ఉంది. అసలు సంగతంతా దానిలోనే. ఆర్ఖే అంటే మొదలు. ఆర్ఖే అంటే అధికారం కూడా. ఒకే మాటకు రెండు ముఖాలు. “ఆదియందు వాక్యముండెను” అని యోహాను రాసినచోట ఆ ‘ఆది’ ఈ ఆర్ఖేనే. మన తెలుగులోకి వచ్చేసరికి ఈ రెండు ముఖాలు విడిపోయి రెండు వేర్వేరు మాటల్లోకి వెళ్లాయి. మొదలు అనేది మూలపురుషుడులోకి వెళ్లింది. పెత్తనం అనేది పితృస్వామ్యంలోకి వెళ్లింది. బైబిలు తర్జుమా చేసిన పెద్దలు అబ్రాహాముకు ‘స్వామి’, ‘అధిపతి’ లాంటి మాట పెట్టలేదు, మూలం అన్నారు. యాకోబు కొడుకులకు గోత్రకర్తలు అన్నారు. అది మన నేల మీద ఋషుల గోత్రాలకు వాడే మాట, దాన్నే తెచ్చి ఇక్కడ పెట్టారు. అందులోనూ పుట్టించడమే ఉంది, ఏలడం లేదు. వాళ్లు ఎంత ఆలోచించి పెట్టారో గానీ, నాకు మాత్రం ఆ ఎంపిక చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఈ గ్రీకు మాట అబ్రాహాముతో పుట్టింది కూడా కాదు. పాత నిబంధనను గ్రీకులోకి మార్చినవాళ్లు ఆదికాండంలో ఒక్కసారైనా దీన్ని వాడలేదు. దినవృత్తాంతముల గ్రంథాల్లో, ‘పితరుల ఇండ్ల పెద్దలు’ అని మనం చదువుకునే చోట్ల వాడారు. అంటే కుటుంబాల పెద్దలు, తగువు తీర్చే పెద్దలు. తరువాతి కాలంలో క్రైస్తవ లోకంలో ఇదొక బిరుదు అయింది. రోమా, కాన్‌స్టాంటినోపుల్, అలెగ్జాండ్రియా, అంతియొకయ, యెరూషలేము, ఈ 5 పట్టణాల పెద్ద బిషప్పులకు అది పేరుగా నిలిచింది. మన దేశంలోనే గోవా ఆర్చిబిషప్పుకు 1886 నుంచి ఆ బిరుదు ఉంది. ‘పశ్చిమ దేశాల పాత్రియార్కు’ అనే పేరును పోపుగారి బిరుదుల్లోంచి 2006లో తీసేసి 2024లో మళ్లీ పెట్టుకున్నారు. బిరుదు ఎక్కడ ఉంటే అక్కడ ఈ పెట్టడం తీయడం తప్పదు కాబోలు.

సరే, కొత్త నిబంధనకు వద్దాం. మొత్తంలో ఈ మాట నాలుగే నాలుగు సార్లు వస్తుంది. నాలుగూ ఒకచోట పెట్టుకుని చదివితే నాకు నిద్ర పట్టలేదు.

మొదటిది పెంతెకొస్తు రోజున పేతురు నోట. మూలపురుషుడగు దావీదు, అంటాడు. ఆ వెంటనే ఏమంటాడు? చనిపోయాడు, సమాధి చేశారు, సమాధి ఇక్కడే మన మధ్యే ఉంది. అంతే. రెండోది, మూడోది తొలి హతసాక్షి స్తెఫను మాటల్లో, అపొస్తలుల కార్యములు ఏడో అధ్యాయంలో. యాకోబు పన్నెండుగురు గోత్రకర్తలను కన్నాడు. సరే, ఘనమే. తరువాతి వచనంలోనే, ఆ గోత్రకర్తలు మత్సరపడి యోసేపును అమ్మేశారు. 20 వెండి నాణేలకు! స్తెఫను ఎదుట కూర్చున్నవాళ్లు ఎవరు? మా పితరులు, మా పితరులు అని రొమ్ము విరుచుకునే సభ పెద్దలు. వాళ్ల ముఖం మీదే, మీ గోత్రకర్తలు తమ్ముణ్ణి అమ్ముకున్నారయ్యా అన్నాడు. ఆ రోజే రాళ్లతో కొట్టి చంపారు.

నాలుగోది హెబ్రీ పత్రిక 7:4. ఇక్కడ నన్ను కాసేపు ఆగనివ్వండి.

అది షాలేము రాజూ యాజకుడూ అయిన మెల్కీసెదెకు గురించిన మాట. ఆ వచనంలో గ్రీకు వాక్యం నడక చూడాలి. ఇతడెంత ఘనుడో చూడండి, ఇతనికి దశమభాగం ఇచ్చాడు అబ్రాహాము, దోపుడు సొమ్ములో శ్రేష్ఠమైన వాటిలోంచి, అని చెప్పుకుంటూ పోయి, వాక్యం చిట్టచివర ‘మూలపురుషుడు’ అనే మాట పెడతాడు. తెలుగులో ఆ మాట ముందుకొచ్చేసింది కాబట్టి మనకు ఆ దెబ్బ తగలదు. చివర పెట్టడంలో ఒక విసురుంది. ఇచ్చింది ఎవరనుకున్నారు, సాక్షాత్తు మూలపురుషుడు! ఘనుడని చూపిస్తున్నది అబ్రాహామును కాదు, తల్లీ తండ్రీ వంశావళీ ఏమీ చెప్పని మెల్కీసెదెకును. వంశాలకు మొదలైనవాడు వంశం లేనివాడి ముందు తల వంచాడు. తక్కువవాడు ఎక్కువవాడిచేత ఆశీర్వాదం పొందుతాడని ఏడో వచనం తేల్చేసింది. ఆ సన్నివేశంలో తక్కువవాడు మన మూలపురుషుడే.

ఇంకొకటి ఉంది. నేను ఏళ్ల తరబడి చదివి గమనించనిది. ఆదికాండం 14లో ఈ సంగతి జరిగేసరికి అబ్రాహాము పేరింకా అబ్రాము. పిల్లల్లేరు. తన ఇంట పుట్టిన 318 మంది పనివాళ్లతో వెళ్లి, శత్రువులు పట్టుకుపోయిన తన సహోదరుని కొడుకు లోతును విడిపించుకుని తిరిగి వస్తున్నాడు. ఇంకో అధ్యాయం తిరగేస్తే, నాకు సంతానం లేదు, దమస్కు ఎలీయెజెరే నా ఆస్తికి దిక్కు అని దేవుని ముందు వాపోతాడు. పత్రిక రాసినాయన సరిగ్గా ఆ గొడ్రాలి ఇంటి కాలంలో ఉన్న మనిషిని పట్టుకుని మూలపురుషుడు అన్నాడు. వేలమంది మనవలు పుట్టాక కాదు. చేతిలో ఉన్నదాంట్లో పదోవంతు ఇచ్చేసి, సొదొమ రాజు ఇస్తానన్నదాంట్లో నూలుపోగు కూడా వద్దు, చెప్పుల వారు కూడా వద్దు అన్న రోజున.

దేశమంతా నీ సంతానానికిస్తానని మాట తీసుకున్న మనిషి బతికినన్నాళ్లూ గుడారాల్లోనే ఉన్నాడు. చివరికి డబ్బు పెట్టి కొనుక్కున్న భూమి ఎంత? భార్య శారాను పాతిపెట్టడానికి మక్పేలా పొలం, దానిలో గుహ. 400 తులముల వెండి. నేను మీ మధ్య పరదేశిని అని ఆ దేశస్థులైన హేతు కొడుకుల ముందు వంగి నమస్కారం చేసి మరీ కొన్నాడు. మనమైతే ఊరికి మొదట వచ్చింది మా తాతే అని గుమ్మానికి రాయి కొట్టిస్తాం.

ఒంగోలు వైపు విశ్వాసులకు యర్రగుంట్ల పేరయ్య గారి పేరు చెప్పక్కర్లేదు. తోళ్ల వ్యాపారం చేసుకునే మనిషి. 1866లో బాప్తిస్మం తీసుకున్నారు. పన్నెండేళ్ల తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మానికి నీళ్లలోకి దిగారు. పేరయ్య గారు ఊరూరా కాళ్లరిగేలా తిరిగారు. మొదలు అంటే అలాంటిది. మట్టిలో ఉంటుంది, పైకి కనపడదు.

మా తాత గురించి చెప్పాలి, ఎందుకంటే గొడవ ఆయన పేరు మీదే కదా. ఆయన చదువుకోలేదు. కోత పండుగకు ధాన్యం బస్తా తన నెత్తి మీదే మోసుకొచ్చేవాడు. కొడుకులు పట్టుకుంటామంటే ఒప్పుకునేవాడు కాదు. బల్ల ముందు దించి, వెనక్కి వెళ్లి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఆ రోజు వేలం పాటలో తన బస్తా ఎంతకు పోయిందో కూడా వినేవాడు కాదు. మా నాయనమ్మ అయితే పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి కుండలో వేసేది. ఆ కుండ నిండితేనే సంఘానికి. మేం ఆకలితో పడుకున్న రోజున కూడా ఆ పిడికెడు తీసింది. చిన్నప్పుడు నాకు కోపం వచ్చేది. ఆ రాయి మీద రాయబోయే జాబితాలో నాయనమ్మ పేరు ఎవరి నోటా రాలేదు, మూల‘పురుషులు’ కదా మరి.

మేనకోడలికి ఇదంతా చెప్పాను. “అయితే ఇంట్లో మగాళ్లు ఆ రెండో అర్థం మాత్రమే ఎందుకు పట్టుకున్నారు మామయ్యా?” అంది. దానికి నా దగ్గర జవాబు లేదమ్మా. ఎఫెసీ పత్రిక మూడో అధ్యాయంలో పౌలు ఆ ‘పాత్రియా’ అనే మాట వాడిన చోట, పరలోకంలోనూ భూమ్మీదా ప్రతి కుటుంబానికీ పేరిచ్చే తండ్రి ఎదుట మోకాళ్లూనుతున్నాను అంటాడు. అన్నలారా, ఇంటి యజమానిని నేను అని బల్ల గుద్దే ముందు ఆ మోకాళ్లు చూడండి. భూమ్మీద ఎవరినీ తండ్రీ అని పిలవొద్దు, మీ తండ్రి ఒక్కడే, అని ప్రభువు అన్నది ఎవరికనుకున్నారు? పాస్టరు గారి పుట్టినరోజుకు ఆరడుగుల ఫ్లెక్సీ కట్టేవాళ్లకు, కట్టించుకునేవాళ్లకు కూడా.

అబ్రాహాము మా తండ్రి అని చెప్పుకోవాలనుకోకండి, ఈ రాళ్ల వల్ల దేవుడు అబ్రాహాముకు పిల్లలను పుట్టించగలడు, అన్నాడు బాప్తిస్మమిచ్చే యోహాను. ఆ గ్రానైటు రాయిని చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తోంది. పేర్లు చెక్కడం తప్పని నేననడం లేదు. పరలోక పట్టణపు పన్నెండు గుమ్మాల మీద ఆ పన్నెండు గోత్రాల పేర్లున్నాయని ప్రకటన గ్రంథం చెప్తోంది. తమ్ముణ్ణి అమ్మినవాళ్ల పేర్లు కూడా అందులో ఉన్నాయి. కానీ వాటిని వాళ్లు కమిటీ వేసి రాయించుకోలేదు.

పోయిన వారం సంఘ పెద్దలకు చెప్పేశాను, శిలాఫలకం మీద మా తాత పేరు వద్దని. అవతలి కుటుంబం వాళ్లది పెట్టుకోమన్నాను. ఆ చోట మీకు వీలైతే పిడికెడు బియ్యం తీసిన ఆడవాళ్ల పేర్లు రాయండి, లేకపోతే ఖాళీగా ఉంచండి అన్నాను. ఆలోచిస్తామన్నారు. మా బాబాయి అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు.