మెడ మీద నలుపు

ఇంటర్ చదివేటప్పుడే నా మెడ వెనక నల్లగా ఉండేది. తలంటు రోజున అమ్మ సున్నిపిండి పెట్టి ఎర్రబడేదాకా రుద్దేది. అది మురికి కాదని, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయక వచ్చిన నలుపని ఇరవై మూడేళ్లప్పుడు డాక్టరమ్మ చెప్పేదాకా మాకు తెలియదు. నెలసరి మూడు నెలలకోసారి వస్తోందని వెళితే, రక్తపరీక్షలు, స్కానింగ్ చేసి పీసీఓఎస్ అన్నారు, అంటే హార్మోన్ల తేడాతో అండాలు సరిగా విడుదల కాని సమస్య. ఇంట్లో అందరి బెంగ ఒకటే, పిల్లలు పుడతారా అని. ఇన్సులిన్ సరిగా పనిచేయడానికి మెట్‌ఫార్మిన్ మాత్రలు రాశారు. నెలసరి గాడిలో పడగానే మానేశాను.

2021 ఏప్రిల్ చివర్లో, సెకండ్ వేవ్‌లో, నాకు కోవిడ్ వచ్చింది. హైదరాబాద్‌లో బెడ్లు దొరకని రోజులవి. ఫోన్‌లో డాక్టరుగారు "షుగరుందా? బీపీ ఉందా?" అని అడిగారు. లేవన్నాను. పీసీఓఎస్ మాట చెప్పాలని తట్టనేలేదు. నెలసరి గొడవకీ ఊపిరితిత్తులకీ ఏం సంబంధం అనుకున్నాను.

ఏడో రోజు ఆక్సిజన్ 92కి దిగింది. స్టెరాయిడ్ మొదలుపెట్టారు. రెండు రోజులకి ఒకటే దాహం, రాత్రి నాలుగైదుసార్లు బాత్రూమ్‌కి లేవడం. నాన్నకి షుగర్ కాబట్టి ఆ లక్షణాలు అమ్మకి తెలుసు. ఆయన గ్లూకోమీటర్ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లింది. సూది గుచ్చుకుంటే రక్తం రాలేదు. వేలు నొక్కి నొక్కి ఒక చుక్క తెచ్చి స్ట్రిప్‌కి అంటించాను. 286. నా చేతులు వణికాయి.

మళ్లీ డాక్టరుగారికి ఫోన్ చేసి అప్పుడు పీసీఓఎస్ సంగతి చెప్పాను. "ముందే చెప్పాల్సిందమ్మా, మొదటి రోజు నుంచీ షుగర్ చూసేవాళ్లం" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను, ఆ రోజుల్లో ఆయనకి ఊపిరి తీసుకునే తీరికా లేదు. స్టెరాయిడ్ షుగర్ పెంచుతుంది కాబట్టి, అది ఆపేదాకా ఇన్సులిన్ తీసుకున్నాను.

కోలుకున్నాక చదివాను. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ పరిశోధకులు బ్రిటన్‌లో 2020 జనవరి నుంచి జులై దాకా పీసీఓఎస్ ఉన్న 21,292 మందిని, లేని 78,310 మందిని పోల్చి చూశారట. వయసు, బరువు, షుగర్ లాంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా, పీసీఓఎస్ ఉన్నవాళ్లకి కోవిడ్ సోకే ముప్పు 28 శాతం ఎక్కువని తేలింది. అది సోకడం గురించిన లెక్కే, ఎంత ముదురుతుందన్నది కాదు. అయినా ఆ అంకె చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. పదేళ్లుగా మా ఇంట్లో దీన్ని పిల్లల సమస్యగానే చూశాం.

మూడు నెలలాగి టీకా వేయించుకున్నాను. నెలసరికి ఐదు రోజులు ముందూ వెనకా వేయించుకోకూడదని వాట్సాప్‌లో తిరిగిన మెసేజ్ పట్టుకుని పిన్ని ఆపబోయింది. అది అబద్ధమని కేంద్రం ఏప్రిల్‌లోనే చెప్పిందని చూపించాను. తర్వాత ల్యాబులో 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగి రెండు గంటలు కూర్చున్నాను. షుగర్ వచ్చే ముందు దశ అన్నారు. మెట్‌ఫార్మిన్ మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి మానలేదు.

మొన్న సంక్రాంతికి ఊరెళితే పిన్ని తన కూతురి మెడ రుద్దుతోంది, అదే సున్నిపిండితో. చెయ్యి పట్టుకుని ఆపాను. పండగవగానే దాన్ని పరగడుపున ల్యాబుకి తీసుకెళ్లాను.