నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలు

పార్లమెంటు అనగానే మనకి టీవీలో కనిపించే అరుపులే గుర్తొస్తాయి. నాకు మాత్రం లోక్‌సభలో ఎంపీలు అడిగే, రోజుకి 230 దాకా వచ్చే నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలంటేనే ఇష్టం. మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్నలకే ఆ గుర్తు పెడతారు. గుర్తు లేని వీటికి మంత్రి రాతపూర్వకంగా జవాబివ్వాలి, ఆ జవాబు మీద మళ్లీ అడిగే అనుబంధ ప్రశ్నలు ఉండవు, కానీ ఆ జవాబు రికార్డులో ఉండిపోతుంది, ఎవరైనా ఎప్పుడైనా తీసి చూడొచ్చు. 2020 సెప్టెంబరులో, నోటితో జవాబులిచ్చే ప్రశ్నోత్తరాల సమయాన్నే తీసేసి ఈ రాతపూర్వక ప్రశ్నల్ని మాత్రం ఉంచిన ఆ సమావేశాల్లో, లాక్‌డౌన్‌లో సొంతూళ్లకు వెళ్తూ చనిపోయిన వలస కార్మికుల గురించి అడిగితే, అలాంటి లెక్కలే లేవని కార్మిక శాఖ రాసిచ్చింది. చదివి కడుపు మండిపోయింది. అయినా ఆ ప్రశ్న అడగబట్టే కదా, అసలు లెక్కే పెట్టలేదన్న సంగతి ప్రభుత్వం రాతలోనే బయటపడింది! మీ ఎంపీ ఏం అడిగారో లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఒకసారి వెతికి చూడండి.