లేసు సూది పట్టాను

నర్సాపురంలో మా అమ్మమ్మగారింటి అరుగు మీద మధ్యాహ్నం పూట నలుగురైదుగురు ఆడవాళ్ళు చేరి లేసు అల్లేవారు. కబుర్లు కబుర్లే, చేతులు చేతులే. ఈ సెలవుల్లో అత్తయ్య పక్కన కూర్చుని నేనూ మొదలుపెట్టాను. స్వెట్టరు అల్లడానికి రెండు సూదులు కావాలి. దీనికి కొన దగ్గర కొక్కెం ఉన్న ఒక్క సూది, సన్నని నూలు దారం చాలు. మొదటి పువ్వు మూడుసార్లు విప్పాను. నాలుగోసారి కుదిరింది! లెక్క తప్పకుండా అల్లుతూ ఉంటే ఆఫీసు టెన్షన్ గుర్తే రాలేదు.

19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ పని గోదావరి తీరంలో ఇంటింటికీ పాకింది, విదేశాలకూ వెళ్ళింది. 2024లో నర్సాపురం లేసుకు జీఐ గుర్తింపు (ఇది ఈ ప్రాంతపు ప్రత్యేకమైన సరుకు అని చెప్పే ముద్ర) కూడా వచ్చింది. చాలా సంతోషం. కానీ ముక్కకింత అని ఏజెంటు అత్తయ్య చేతిలో పెట్టిన డబ్బు చూసి మనసు చివుక్కుమంది. అన్ని గంటల పనికి అంతేనా? నాకిది కాలక్షేపం, ఆవిడకి ఇంటి ఖర్చు.

ఇకపై లేసు కొంటే అల్లినవాళ్ళ దగ్గరే కొంటాను, బేరమాడను. వచ్చేటప్పుడు అత్తయ్య రెండు దారపు ఉండలు బ్యాగులో పెట్టింది. రాత్రి ఒకటి విప్పాను.