ఒకే పట్టికలో పాలమూరు మాటలు: నా అనుభవం

పాలమూరు పల్లెల్లో నిత్యం వినిపించి, పాఠ్యపుస్తకాల్లో కనిపించని మాటలను పోగుచేసి అచ్చు వేయాలని మేము ఆరుగురు ఉపాధ్యాయులం పూనుకున్నాము. నేను మహబూబ్‌నగర్‌లో ఉంటాను. మిగిలినవారిలో మక్తల్, ధన్వాడ, గద్వాలలలో ఒక్కొక్కరు, పొరుగున నల్గొండ జిల్లా దేవరకొండలో ఇద్దరు ఉన్నారు. మొదట్లో ఎవరికి వారు రాసుకొని ఫైళ్లను వాట్సాప్‌లో పంపుకొనేవాళ్లము. రెండు నెలలు తిరిగేసరికి నా కంప్యూటర్‌లో ‘మాటలు చివరిది’, ‘మాటలు చివరిది 2’, ‘మాటలు సరిచేసినది’ వంటి పేర్లతో పదకొండు ఫైళ్లు చేరాయి. ఒకరు దిద్దిన తప్పు మరొకరి ఫైలులో అలాగే ఉండిపోయేది. అందుకే ఇంటర్నెట్‌లో అందరూ కలిసి నింపగల గూగుల్ షీట్స్‌లో ఒక్కటే పట్టిక తెరిచి, ఇకపై అందరమూ అందులోనే రాయాలని అనుకున్నాము.

అప్పటికే కొన్ని పేజీలు డీటీపీ సెంటర్‌లో టైపు చేయించి ఉన్నాము. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కాని పాత ఫాంటులో ఉండడం వల్ల పట్టికలో అతికించగానే తెలుగు పోయి, అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వరుసకట్టాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకున్నా ఒత్తులు, వట్రసుడులు అక్కడక్కడా చెదిరాయి. వాటిని అచ్చుకాగితం పక్కన పెట్టుకొని, మాట మాటా సరిచూడడానికి మూడు వారాలు పట్టింది.

పట్టికకు నిలువు వరుసలు ఏర్పరచడంలోనూ ఆలోచించవలసి వచ్చింది. పాత మహబూబ్‌నగర్ జిల్లా 2016లో విడిపోయింది, నారాయణపేట 2019లో వేరయింది. మాట మాత్రం ఈ సరిహద్దులను ఎరగదు. కాబట్టి జిల్లా పేరు వదిలేసి ఊరు, మండలం, మాట, అర్థం, వాడుక వాక్యం, చెప్పినవారి వయసు అనే వరుసలు పెట్టాము.

అసలు కష్టం లింకు దగ్గర వచ్చింది. ‘లింకు ఉన్న ఎవరైనా ఎడిట్ చేయవచ్చు’ అనే అనుమతితో నేను దానిని మా బృందానికి పంపాను. అది ఒకరి నుంచి ఒకరికి చేరి, మేమెవరమూ చూడని మరో పెద్ద గ్రూపులోకి వెళ్లింది. ఒక ఉదయం పట్టిక తెరిస్తే వేరుశనగను మా వైపు పిలిచే ‘బుడ్డలు’ అనే మాట ఎక్కడా లేదు. ధన్వాడ మేడమ్ తన నాయనమ్మ నోట విని రాసిన ‘బుడ్డలు పీకనీకి పోయినరు’ అన్న వాక్యం ‘వేరుశనగ పీకనీకి పోయినరు’ అని మారిపోయింది. ఎవరో ‘ఫైండ్ అండ్ రీప్లేస్’ వాడి, ఒక్క దెబ్బకు అన్ని చోట్లా మార్చారు. వెర్షన్ హిస్టరీ (మార్పుల చరిత్ర) తెరిస్తే ఏ వేళకు ఏ గడి మారిందో రంగుతో సహా కనిపించింది కానీ, సైన్ ఇన్ కాకుండా వచ్చిన మనిషి కావడంతో పేరు మాత్రం ‘అజ్ఞాత’ అనే ఉంది.

వెంటనే పాత వెర్షన్‌ను పునరుద్ధరించాలని చెయ్యి ముందుకు వెళ్లింది. ఆగి ఆలోచించడం మంచిదయింది. అలా చేస్తే ఫైలు మొత్తం వెనక్కి వెళ్తుంది, ఆ రాత్రి గద్వాల మిత్రుడు కొత్తగా చేర్చిన మాటలు ప్రస్తుత పట్టికలోంచి పోతాయి. అందువల్ల పాత వెర్షన్‌ను వేరే కాపీగా తీసి, దెబ్బతిన్న గడులను మాత్రమే దానిలోంచి తెచ్చి అతికించాను. మరునాడు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తానే ఫోన్ చేసి, ‘తప్పులున్నయని దిద్దిన సార్, మీకు పని తగ్గుతదనుకున్న’ అన్నారు. ఆయన్ను నొప్పించడం నాకు ఇష్టం లేకపోయింది. జీవితమంతా పిల్లల నోటుబుక్కుల్లో ఇంటి మాటను కొట్టివేసి పుస్తకం మాటను రాసిన చెయ్యి అది; ఆ దిద్దుబాటు వల్లనే ఈ మాటలు మరుగున పడ్డాయన్న సంగతి ఆయనకు నెమ్మదిగా వివరించాను.

ఆ రోజే అనుమతులు మార్చాము. ఆరుగురికి మాత్రమే ఈమెయిల్ పేరుతో ఎడిటర్ హక్కు ఇచ్చి, లింకుతో వచ్చేవారిని కామెంటర్లుగా ఉంచాము. వారు గడిని తాకలేరు; దాని పక్కన తమ అభిప్రాయం రాయగలరు. కొత్త మాటలు పంపాలనుకునేవారికి ఒక గూగుల్ ఫారం ఇచ్చాము. దాని జవాబులు వేరే షీట్‌లో ఒక్కొక్క వరుసగా పడతాయి, ఒకరు రాసినది మరొకరి చేతికి అందదు. ఈ ఏర్పాటు తర్వాత వచ్చిన కామెంట్లు చాలా విలువైనవి. బుడ్డల గడి పక్కనే దేవరకొండ మిత్రులు ‘మా దిక్కు పల్లికాయ అంటరు’ అని రాశారు. దానిని దిద్దుబాటుగా కాక మరో వరుసగా చేర్చాము. మొదటి మాట చెరగకుండా రెండో మాటకు చోటు దొరకడమే ఈ పనికి కావలసింది.

అవ్వల గొంతు రికార్డులను గూగుల్ డ్రైవ్‌లో ఫోల్డరుగా పెట్టి, ప్రతి వరుసకూ లింకు ఇచ్చాము. ఉచితంగా వచ్చే 15 జీబీ స్థలాన్ని జీమెయిలు, ఫోటోలు కూడా పంచుకుంటాయి. పైగా ఎవరు ఎక్కించిన ఫైలు వారి ఖాతాలోనే లెక్కకు వస్తుంది. స్థలం నిండిందన్న హెచ్చరిక చూసి మక్తల్ మిత్రుడు పాతవనుకొని కొన్ని తొలగించగా, అవి మా అందరికీ ఫోల్డరులో కనిపించకుండా పోయాయి. ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి కనుక గడువులోపలే తిరిగి తెచ్చుకోగలిగాము. ఇప్పుడు రికార్డులన్నీ ఒక హార్డ్ డిస్కులో కూడా ఉన్నాయి.

అచ్చుకు ఇచ్చేముందు ఆనాటి వెర్షన్‌కు ‘ముద్రణ ప్రతి’ అని పేరు పెట్టి, పట్టికను దించుకొని, లింకును చూడడానికి మాత్రమే పరిమితం చేశాము. ఫారం మాత్రం మూయలేదు. మరునాడు దానిలో అమ్రాబాద్ నుంచి నాలుగు మాటలు వచ్చి ఉన్నాయి. వాటిని రెండో ముద్రణకోసం వేరే షీట్‌లో ఉంచాము.