మా సెల్లార్ గోస

మా వైపు బేస్‌మెంట్ అంటే ఇంటిని నేల మీంచి పైకి లేపే దిమ్మె. నేల కింద గదిని సెల్లార్ అనే అంటాం. వరంగల్‌లో సొంతిళ్లకు సెల్లార్లు తక్కువే. మాకుండటానికి కారణం షత్రంజీలు, అంటే నేల మీద పరిచే నూలు తివాచీలు. బాపు కొత్తవాడ మగ్గాల దగ్గర సరుకు కొని బయటి ఊళ్లకు పంపుతాడు. 2011లో ఇల్లు కట్టినప్పుడు గోడౌన్ కిరాయి మిగులుతుందని 20 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పుతో కింద గది కట్టించాడు. ఆరడుగులు భూమిలో, మూడడుగులు పైన. గోడలు సిమెంటు కాంక్రీటువే.

మొదటి నాలుగేళ్లు ఏ రందీ లేదు. ఆ తర్వాత తూర్పు గోడకు, నేల నుంచి జానెడు ఎత్తులో తెల్లటి పొడి పొంగడం మొదలైంది. బాపు వేలితో గీకి నాలుక మీద పెట్టుకుని "ఉప్పు" అన్నాడు. నిజంగానే ఉప్పే. గోడలోంచి వచ్చే నీరు సిమెంటులో, మట్టిలో ఉన్న లవణాలను కరిగించుకుని వస్తుంది. నీరు ఆరిపోతుంది, లవణం గోడ మీద మిగిలిపోతుంది. ఆ పొడి మాకు చీటీ రాసి పంపినట్టే చెప్పింది. మేం చదవలేదు, రంగేశాం.

మొదటిసారి 18 వేలు పోశాం. రెండు వానాకాలాలకు రంగు అప్పడంలా లేచింది. రెండోసారి ఒక ఏజెన్సీ వాళ్లు ఐదేళ్ల గ్యారంటీ కాగితం చేతిలో పెట్టి 42 వేలు తీసుకున్నారు. గోడ లోపలి వైపు ఏదో కెమికల్ పూసి పోయారు. ఏడాదిన్నరకు పొక్కులు. ఫోన్ చేస్తే "గ్యారంటీ మెటీరియల్‌కే మేడమ్, గోడకు కాదు" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో సామెత. కూర మాడితే మా తమ్ముడు "గ్యారంటీ గిన్నెకే" అంటాడు.

2023 జులై ఆఖరి వారం గుర్తుండే ఉంటుంది. 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్ల పైన వాన పడింది, ఇక్కడ ఊరంతా నీళ్లపాలైంది. మా సెల్లార్‌లో నీళ్లు పై నుంచి రాలేదు, కింది నుంచి వచ్చాయి. నేల, గోడ కలిసే చోట సన్నగా, దారం పట్టినట్టు ఊరుతూ తెల్లారేసరికి మోకాళ్ల దాకా నిలిచాయి. అడుగున పేర్చిన షత్రంజీలు నాని ఎరుపు పసుపులోకి, పసుపు నీలంలోకి దిగింది. బాపు వాటిని మేడ మీద ఆరేసి, ఎండిన తర్వాత ఒక్కొక్కటీ మడతపెట్టాడు, ఎవరూ కొనరని తెలిసి కూడా.

ఆ తర్వాతే మా మేనమామ ఒక పెద్ద మేస్త్రీని తీసుకొచ్చాడు. ఆయన గోడ వైపు చూడనే లేదు, ఇంటి చుట్టూ తిరిగాడు. "బిడ్డా, కుండల నీళ్లుంటే బయట రంగు నిలుస్తదా? మీరు నీళ్లున్న దిక్కు వదిలిపెట్టి అవతలి దిక్కు పూసిన్రు" అన్నాడు. అంతకు మించి నాకెవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. బయటి నుంచి నీరు తోస్తుంటే లోపలి పూత గోడ నుంచి ఊడి వచ్చేస్తుంది. బయట పూస్తే అదే నీరు పూతను గోడకేసి అదుముతుంది. మీటరు లోతు నీరు నిలిస్తే ఆ లోతులో గోడ మీద చదరపు మీటరుకు టన్ను బరువు పడుతుందట. దాని ముందు డబ్బాడు రంగెంత?

పనికి ముందు మూడు పరీక్షలు చేయించాడు. రెండడుగుల పాలిథిన్ కవరు గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేశాం. కవరు పైన చెమ్మ పడితే గదిలోని గాలి తడి, కవరు కింద, గోడ వైపు పడితే గోడ తడి. మాది కిందే, చుక్కలు చుక్కలుగా. రెండోది సంపు. తూర్పు గోడను ఆనుకునే మా నీళ్ల సంపు ఉంది. రాత్రి నిండుగా నింపి, మోటారు, నల్లాలు అన్నీ కట్టేసి, నీటి అంచున బొగ్గుతో గీత గీశాం. పొద్దున మూడు వేళ్ల కిందికి దిగింది. ఇన్నేళ్లు మా సెల్లార్‌ను మేమే తడుపుకున్నామన్నమాట. మూడోది, సందులో బకెట్ నీళ్లు గుమ్మరించి ఎటు పోతాయో చూడటం. ఇంటి వైపే పరుగెత్తాయి.

పని 2024 ఏప్రిల్‌లో మొదలుపెట్టాం. ఎండల్లో ఊట కిందికి దిగి ఉంటుంది, మిరుగు (మృగశిర కార్తె) లోపల మట్టి పూడ్చేయాలని ఆయన పట్టు. తూర్పు వైపు మొత్తం ఒకేసారి తవ్వనివ్వలేదు. ఐదడుగుల ముక్క తవ్వడం, పక్కలకు చెక్కలు ఆనించడం, పని అయ్యాక ఆ ముక్క పూడ్చి పక్కది తవ్వడం. గుంతలో మనిషి ఒక్కడే ఉండకూడదు, పైన ఇంకొకరు నిలబడాలి. విసుగొచ్చింది కానీ ఆరడుగుల మట్టి మీద పడితే ఏమవుతుందో ఆయన చూసినవాడు. తవ్విన మట్టిలో ఏం దొరికిందో చెప్పాలి: ఇటుక ముక్కలు, సిమెంటు సంచులు, ఒక చెప్పు. ఇల్లు కట్టినవాళ్లు పక్కలను చెత్తతో నింపి పోయారు. నీళ్లు అందులోకి జల్లెడలోకి దిగినట్టు దిగేవి.

గోడ కడిగి చూస్తే అడుగున, నేల కాంక్రీటు ఆగి గోడ కాంక్రీటు మొదలైన చోట, తేనెపట్టులా చిన్న చిన్న బొక్కలు. దారంలా ఊరింది అక్కడే. లోపలి ప్లాస్టరు మూడడుగుల ఎత్తు చెక్కేసి, ఆ అతుకు వెంట గాడి కొట్టి పూడ్చారు. అడుగుకొకటి చొప్పున సన్న గొట్టాలు బిగించి పల్చటి సిమెంటు పాలు పంపుతో ఎక్కించారు. ఒక గొట్టంలో తోస్తే నాలుగో గొట్టంలోంచి బయటికి చిమ్మింది! గోడ లోపల ఎంత డొల్లో అప్పుడు కళ్లారా చూశాం. బయటి వైపు పాలిమర్ కలిపిన సిమెంటు పూత రెండుసార్లు, మొదటిది నిలువు, రెండోది అడ్డం. గోడ అడుగున రంధ్రాల పైపు, చుట్టూ కంకర, మట్టి చేరకుండా బట్ట. పైపు మూలనున్న గుంతలోకి పోతుంది, గుంతలో నీళ్లు ఎక్కగానే దానంతటదే నడిచే మోటారు. సందులో కొత్త కాంక్రీటు అడుగుకు పావు అంగుళం బయటికి వాలు. సంపు గోడలకు కూడా పూత వేయించి, మళ్లీ గీత గీసి చూసుకున్నాం. మొత్తం లక్షా 70 వేలు దాటింది. రెండుసార్లు పోసిన రంగుల డబ్బు గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది.

లోపల ఎలా తీర్చిదిద్దాలన్న దగ్గర ఇంట్లో గొడవైంది. మా తమ్ముడికి ప్లైవుడ్ గోడలు, జిప్సం సీలింగ్, ఏసీ పెట్టి ఆఫీసులా చేయాలని. నేను ఒప్పుకోలేదు. నేల కింది గోడకు చెక్క తొడిగితే వెనకాల ఏం జరుగుతుందో చెదలకు తప్ప ఎవరికీ తెలియదు. గోడలకు ఆయిల్ రంగు కాకుండా సున్నం, నేలకు షాబాద్ బండలు వేయించాం. ఇనుప ర్యాకులు గోడకు నాలుగంగుళాల దూరంలో పెట్టించాం. కింది అర ఖాళీ.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ విషయంలో నేనూ తప్పు చేశాను. చెమ్మ పోతుందని జులైలో రోజంతా తిప్పాను. గోడలకు మళ్లీ నీటి బిందువులు! గుండె జారిపోయింది. కవరు అంటించి చూస్తే ఈసారి తడి పైన ఉంది. బయటి తడి గాలిని నేనే లోపలికి లాగి చల్లటి గోడకు తగిలిస్తున్నాను. ఇప్పుడు వాన తెరిపిచ్చి ఎండ కాసినప్పుడే వేస్తాం.

2024 సెప్టెంబర్ 1 వానకు మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. మా గుంతలో మోటారు ఆ రోజంతా ఆగి ఆగి నడిచింది, గోడ పొడిగానే ఉంది. అసలు టెన్షన్ 2025 అక్టోబర్ 29న, మొంథా తుఫాను రోజున పట్టుకుంది. కరెంటు పోయింది. కరెంటు లేకపోతే మోటారు గుంతలో పడున్న ఇనుప ముక్క. ఇన్వర్టర్ లైన్ దానికివ్వాలని ఎవరికీ తట్టలేదు. బాపు టార్చి పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. నేనూ తమ్ముడూ వంతులవారీగా గుంతలోంచి బకెట్లతో ఎత్తిపోశాం. పైపులోంచి తేటగా వస్తోంది నీరు, చప్పుడు లేకుండా. రాత్రి రెండున్నరకు బాపు లేచి తూర్పు గోడకు అరచెయ్యి ఆనించాడు. రెండో అరలోని షత్రంజీ అంచు తడిమాడు. టార్చి నా చేతికిచ్చి, పడుకోవడానికి పైకి వెళ్లాడు.