మా జేజినాయన మగ్గమింటికి మళ్లీ మట్టి మిద్దె

జమ్మలమడుగు పక్క మా పల్లెలో నేతపని వాళ్ల పాత మిద్దెలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. అందులో మా జేజినాయన ఇల్లొకటి. 2021 నవంబరు వానలకు నడిమిల్లు కారడం మొదలైంది. అంతకుముందే మా చిన్నాయన మిద్దె మీద సిమెంటు పూయించి ఉన్నాడు. అది ఎండకు పగుళ్లిచ్చింది. పగుళ్లలో దిగిన నీళ్లు ఆరే దారి లేక దూలాల దగ్గరే నిలిచిపోయాయి.

చూసినోళ్లందరిదీ ఒకటే మాట, "పడగొట్టి స్లాబు వేసుకోండి" అని. నాకు మనసొప్పలేదు. మా వాళ్లు తరతరాలుగా కాళ్లు పెట్టి నేసిన మగ్గం గుంత ఆ ఇంట్లోనే ఉంది. ఆ గుంత తేమకే మే నెల ఎండల్లో కూడా పోగు తెగకుండా నిలిచేది. స్లాబు కింద ఆ చల్లదనం ఎక్కడిది?

మట్టి మిద్దె పని తెలిసిన మనిషి దొరకడం చాలా కష్టమైంది. చివరికి మైలవరం వైపు ఒక పెద్దాయన ఉన్నాడని తెలిసింది. ఆయన వచ్చి దూలం కొనను బొటనవేలితో నొక్కితే నానిన రొట్టెలాగా లోపలికి పోయింది. నాకు ఒకటే టెన్షన్. ఆయన మాత్రం నిదానంగా అన్నీ తట్టి చూసి, "అబ్బీ, ఇదొక్కటే పుచ్చింది. దీనికి వేపదూలం ఎత్తుదాం. తక్కినవి గట్టిగుండాయి, ముట్టుకోవద్దు" అన్నాడు.

సిమెంటు పగలగొట్టి, పాత మట్టి దించి, దూలం మార్చడం త్వరగానే అయిపోయింది. దూలాలకు అడ్డంగా వేసిన దంతెల మీద సన్న కట్టెలు, బోదగడ్డి, ఆపైన మట్టి పరిచారు. అన్నిటికన్నా పైన వేయాల్సిన చౌడు కోసమే చాలా తిరిగాను. తెల్లగా కనిపించిన మన్నంతా పనికిరాదు. పెద్దాయన ఒక చెంబు నీళ్లు తెప్పించి, నేను తెచ్చిన మన్ను తడిపి నొక్కి, దాని మీద నీళ్లు పోశాడు. నీళ్లు కిందికి దిగకుండా పైనే నిలబడ్డాయి. "చౌడంటే ఇది" అన్నాడు. చౌడులో సోడియం ఎక్కువ. వాన పడగానే అందులోని బంకమట్టి రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి. అందుకే మన పెద్దోళ్లు ఏటా వానలకు ముందు మిద్దెకు కొత్త చౌడు పోసేవాళ్లు.

నీళ్లు గొట్టాల వైపు జారేలా వాలు పెట్టి, దిమ్మిసతో గట్టిగా కొట్టించాడు. వెలుతురు కోసం మిద్దెలో వదిలిన కంత, గవాచి చుట్టూ మాత్రం ఎవరినీ చెయ్యి పెట్టనీయకుండా తానే కట్ట కట్టాడు. ఖర్చులో కూలీలదే పెద్ద భాగం.

పోయిన వానాకాలం నడిమింట్లో చుక్క పడలేదు. తూర్పు గోడ పూత ఇంకా రాలుతోంది, దానికీ సిమెంటు తగలనివ్వను. వచ్చే ఎండాకాలం చౌడు పోసేటప్పుడు మా చిన్నాయన కొడుకును పెద్దాయన పక్కనే ఉంచుతాను. ఈ పని తెలిసినోళ్లు మా పక్క ఇంకెవరూ లేరు.